ఉరికంబానికి ఆవల: 1846 రేనాటి తిరుగుబాటు, ద్వీపాంతర శిక్ష, తెలుగువారి జ్ఞాపకం

ఉపోద్ఘాతం

నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డకు, కోయిలకుంట్లకు నడుమ ఉన్న ఉయ్యాలవాడ గ్రామం తెలుగు జానపద సాహిత్యంలో ఇద్దరి పేర్లతో నిలిచింది. మొదటివాడు 1846లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వంపై తిరగబడి, మరుసటి ఏడు ఉరికంబమెక్కిన నరసింహారెడ్డి. రెండవవాడు 1866 నాటి కరవులో ఆకలిగొన్న జనానికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి. ఈ ఇద్దరి గాథలను తంగిరాల వెంకట సుబ్బారావు ‘రేనాటి సూర్యచంద్రులు’ అన్న పేరుతో ఒకచోట చేర్చారు. ఆ పేరు అప్పటినుంచి రేనాటి చరిత్రకు పర్యాయపదమైంది.

నరసింహారెడ్డితోపాటు పట్టుబడినవారు వందల సంఖ్యలో ఉన్నారు. వారిలో కొందరికి దీర్ఘకాల ఖైదు, మరికొందరికి ద్వీపాంతర శిక్ష పడినట్లు ఆ తిరుగుబాటును గురించి రాసినవారు చెబుతూ వచ్చారు. ఉరిశిక్ష పడిన నాయకుడి మరణం పాటగా, కథగా, చివరకు చలనచిత్రంగా ప్రజలలో నిలిచింది. సముద్రం దాటించిన అనుచరుల గురించి మాత్రం ఒక్క వాక్యమే తరచూ కనబడుతుంది: వారిని అండమాన్‌కు పంపారని. ఆ ఒక్క వాక్యాన్ని కాలక్రమంతో పోల్చి పరిశీలించడం, అదే కాలంలో బ్రిటన్ తన సొంత బాలనేరస్థులను వలసలకు పంపి వారి గురించి రాసుకున్న తీరుతో సరిచూడటం, మన వీరగాథా సంప్రదాయం ద్వీపాంతరగతుణ్ణి ఎందుకు నిలుపుకోలేకపోయిందో వివరించడం ఈ వ్యాసం లక్ష్యాలు.

తిరుగుబాటు నేపథ్యం

1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ఉండి పాలెగాళ్ల సైనికబలాన్ని అణచివేశాడు. వారి పాలెములు ప్రభుత్వపరమయ్యాయి. పలువురికి నెలసరి భరణాలు మిగిలాయి. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి నరసింహారెడ్డికి మాతామహుడు. జయరామిరెడ్డి తరువాత ఆ కుటుంబానికి అందవలసిన భరణాన్ని ప్రభుత్వం నిలిపివేసింది. ఉయ్యాలవాడ కుటుంబపు భరణంలో నరసింహారెడ్డి వాటాకు వచ్చింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలని చరిత్రకారులు పేర్కొంటారు.

భరణం విషయం ఒక్కటే అయితే అది ఒక కుటుంబపు ఫిర్యాదుగా ముగిసి ఉండేది. దానిని జనసమూహపు తిరుగుబాటుగా మార్చింది కట్టుబడి మాన్యాల సమస్య. కట్టుబడివారు గ్రామ కాపలాకు, పాలెగాడి కొలువుకు ప్రతిఫలంగా మాన్యభూమిని అనుభవించినవారు. పాలెగాడి అధికారం పోయాక వారి కొలువు పోయింది. మాన్యాలు అనుభవిస్తున్నవారు మరణించినప్పుడు ఆ భూములను ప్రభుత్వం తిరిగి తీసుకోవడం మొదలుపెట్టగానే వారి జీవనాధారమూ పోయింది. నరసింహారెడ్డి పక్షాన చేరిన వేలమందిలో ఈ కట్టుబడివారే ముఖ్యబలం. ఒడ్డె ఓబన్న, గోసాయి వెంకన్న వంటి అనుచరుల పేర్లు నేటికీ ప్రజల నోట ఉన్నాయి.

1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగింది. అక్కడినుంచి పోరాటం గిద్దలూరు వైపు, నల్లమల అడవుల వైపు విస్తరించింది. ఆనాడు కోయిలకుంట్ల తాలూకా కడప జిల్లాలో ఉండేది. కర్నూలు జిల్లా ఏర్పడి ఈ తాలూకా దానిలో చేరింది 1858లో. అందువల్ల తిరుగుబాటును అణచే బాధ్యత కడప కలెక్టరు కాక్రేన్‌పై పడింది. 1846 అక్టోబరు 6న పేరుసోముల కొండప్రాంతంలో నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. తిరుగుబాటు, హత్య, దోపిడీ నేరాలపై విచారణ జరిపి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో బహిరంగంగా ఉరితీశారు. ఆయన తలను కోట బురుజుకు వేలాడదీసి 1877 వరకు అలాగే ఉంచారు. ముప్పై ఏళ్లపాటు ప్రభుత్వమే ప్రజల కళ్లముందు నిలిపిన ఆ దృశ్యం ఆయన స్మృతికి పునాది అయింది. భయపెట్టడానికి ఉంచిన గుర్తు జ్ఞాపకాన్ని కాపాడింది.

అంకెలలో మిగిలినవారు

ఈ తిరుగుబాటుపై సాధారణంగా ఉటంకించే లెక్క ఒకటి ఉంది. దాని ప్రకారం 901 మందిపై కేసులు మోపారు. 412 మందిపై నేరం రుజువు కాలేదు. 273 మందిని పూచీకత్తుపై విడిచిపెట్టారు. 112 మందికి శిక్షలు పడ్డాయి. ఆ శిక్షలు 5 ఏళ్ల నుంచి 14 ఏళ్ల ఖైదు వరకు ఉన్నాయి, కొందరికి ద్వీపాంతర శిక్ష పడింది.

ఈ అంకెలను కూడి చూసినవారు అరుదు. 412, 273, 112 కలిపితే 797 అవుతుంది. 901లో ఇంకా 104 మంది మిగులుతారు. పరారైనవారు, విచారణలో ఉండగా చనిపోయినవారు, ప్రభుత్వపక్షాన సాక్ష్యం చెప్పి విడుదలైనవారు ఇందులో ఉండవచ్చు. ఏ వర్గంలోనివారైనా వారు ఈ ప్రాంతపు గ్రామాల మనుషులే. లెక్క తరువాతి రచనలలోకి యథాతథంగా ప్రవహించిందే తప్ప, దానిలోని ఖాళీ ప్రశ్నగా మారలేదు. వీరుడి కథకు పరిమాణం ఇవ్వడానికి 901 అన్న అంకె ఉపయోగపడింది. ఆ అంకెలోని మనుషులు కథకు అవసరం కాలేదు.

ద్వీపాంతరం: శిక్ష స్వరూపం

ద్వీపాంతర శిక్ష భారతదేశంలో పుట్టినది కాదు. బ్రిటన్ 1718 నాటి చట్టంతో తన నేరస్థులను అమెరికా వలసలకు పంపడాన్ని క్రమబద్ధం చేసింది. 1776లో అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకోవడంతో ఆ దారి మూసుకుపోయింది. ఆ తరువాత 1788 నుంచి 1868 వరకు లక్షా అరవై వేలకు పైగా ఖైదీలను ఆస్ట్రేలియా వలసలకు తరలించింది. అదే విధానాన్ని కంపెనీ తన భారత భూభాగాలలోనూ ప్రయోగించింది. 1787 నుంచి సుమత్రా తీరంలోని బెంకూలెన్‌కు, తరువాత పెనాంగ్‌కు, 1815 నుంచి మారిషస్‌కు, 1825 నుంచి సింగపూరుకు, తొలి బర్మా యుద్ధం ముగిసిన 1826 తరువాత తెనాసరిం తీరంలోని మౌల్మీన్ వంటి చోట్లకు భారతీయ ఖైదీలు వెళ్లారు. 1825 ఏప్రిల్‌లో బెంకూలెన్ నుంచి సింగపూరు చేరిన తొలి ఖైదీల బృందం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి శిక్షపడి వెళ్లినవారిదే. సింగపూరు ఖైదీల చరిత్ర ఒక విధంగా దక్షిణాదివారితోనే మొదలైంది.

ఈ శిక్షకు పాలకులు ఆశించిన బలం దూరంలో ఉంది. సముద్రయానం వల్ల కులభ్రష్టత్వం కలుగుతుందన్న విశ్వాసం హిందూ సమాజంలో ఉందని వారికి తెలుసు. ‘కాలాపానీ’ అన్న మాటలోని భయం జైలుగోడల కన్నా గట్టిగా పనిచేస్తుందని వారు భావించారు. యావజ్జీవ శిక్ష పడినవారి నుదుట నేరాన్ని పచ్చబొట్టుగా పొడిచే ఆచారం బెంగాలు, మద్రాసు ప్రాంతాలలో ఉండేది. 1849లో చట్టం ద్వారా దానిని రద్దు చేశారు. రేనాటి తిరుగుబాటుదారుల విచారణ నాటికి ఆ పద్ధతి ఇంకా చట్టంలో ఉందన్నమాట. 1860 నాటి భారత శిక్షాస్మృతి ద్వీపాంతరవాసాన్ని శిక్షల జాబితాలో నిలుపుకుంది. స్వాతంత్ర్యం తరువాత 1955 నాటి సవరణ చట్టంతో ఆ మాట తొలగి ‘యావజ్జీవ కారాగారం’ వచ్చింది. తెలుగు పత్రికలలో, నవలలలో, నాటకాలలో ‘యావజ్జీవ ద్వీపాంతరవాసం’ అన్న పదబంధం అంతకాలం జీవించడానికి కారణం ఇదే.

‘అండమాన్’ అన్న మాట

1847లో శిక్షపడిన రేనాటివారిని అండమాన్‌కు పంపారన్న వాక్యం ఇక్కడ పరీక్షకు నిలుస్తుంది. అండమాన్ దీవులలో కంపెనీ మొదట నెలకొల్పిన స్థావరం 1789లో మొదలై 1796లో మూతపడింది. రెండవసారి శిక్షాస్థావరం ఏర్పడింది 1857 తిరుగుబాటు తరువాత. 1858 మార్చిలో డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో అక్కడ దిగాడు. అండమాన్ అనగానే మన కళ్లముందు మెదిలే సెల్యులర్ జైలు నిర్మాణం 1896లో మొదలై 1906లో పూర్తయింది. కాబట్టి 1847లో మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కించిన ఖైదీకి అండమాన్ గమ్యం కాజాలదు. ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీ ఖైదీల గమ్యాలు పెనాంగ్, మలక్కా, సింగపూరులతో కూడిన జలసంధి స్థావరాలు, తెనాసరిం తీరం.

అయితే ప్రజలు చెప్పుకొనే మాటను పొరపాటుగా మాత్రమే కొట్టివేయడం తొందరపాటు అవుతుంది. 1867లో జలసంధి స్థావరాలు భారత ప్రభుత్వం చేతినుంచి బ్రిటిష్ వలసల శాఖ కిందికి వెళ్లాయి. 1873లో అక్కడి భారతీయ ఖైదీల స్థావరాన్ని మూసివేశారు. అప్పటికి శిక్షాకాలం మిగిలి ఉన్న ఖైదీలను అండమాన్‌కు తరలించారు. యావజ్జీవ శిక్షతో 1847లో వెళ్లి, ఇరవై ఆరేళ్ల తరువాత ఇంకా బతికి ఉన్న రేనాటి ఖైదీ ఎవరైనా ఉంటే, అతడు తన ముదిమిలో రెండవ ఓడ ఎక్కి అండమాన్ చేరే అవకాశం ఉంది. అది అవకాశమే తప్ప నిర్ధారణ కాదు.

ఎక్కువ సంభావ్యమైన వివరణ మరొకటి ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో స్వాతంత్ర్యోద్యమ ఖైదీల వల్ల ‘అండమాన్’ అన్నది ఒక్క ప్రదేశం పేరుగా కాక శిక్షకే పేరుగా మారింది. మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి వచ్చి, 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఇటువంటి జీవితాలు తెలుగువారికి ద్వీపాంతరాన్ని అండమాన్‌గా పరిచయం చేశాయి. ఆ తరువాత 1847 నాటి కథను చెప్పినవారు తమకు తెలిసిన పేరును పాత శిక్షకు పెట్టారు. ఈ పేరు మార్పు వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. రేనాటివారిని వెదకవలసిన చోటు పెనాంగ్, సింగపూరు, మౌల్మీన్ ఖైదీల పట్టికలైతే, చూపులు అండమాన్ వైపు తిరిగాయి.

ఒక లండన్ బాలుడు, ఒక శివగంగ బాలుడు

ద్వీపాంతర శిక్ష ఒక మనిషి జీవితాన్ని ఏం చేస్తుందో, ఆ జీవితంలో ఎంత భాగం కాగితంపై మిగులుతుందో తెలియాలంటే అదే సామ్రాజ్యం అదే శిక్ష వేసిన ఇద్దరు పిల్లలను చూడవచ్చు.

జాన్ హడ్సన్ లండన్‌లో అప్పుడప్పుడు పొగగొట్టాలు శుభ్రం చేసే పని చేసిన బాలుడు. ఒక ఇంట్లోనుంచి బట్టలు, ఒక పిస్తోలు దొంగిలించాడన్న నేరంపై 1783 డిసెంబరులో ఓల్డ్ బెయిలీ న్యాయస్థానం ముందు నిలబడ్డాడు. అప్పటికి అతని వయస్సు తొమ్మిదేళ్లు. తల్లిదండ్రులు చనిపోయారని న్యాయస్థానానికి చెప్పాడు. ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష పడింది. పాత ఓడను జైలుగా మార్చిన స్థావరంలో కొన్నేళ్లు గడిపి, తొలి నౌకాదళంలోని ఫ్రెండ్‌షిప్ అనే ఓడలో 1788లో ఆస్ట్రేలియా చేరాడు. అప్పటికి అతనికి పదమూడేళ్లు. 1790లో నార్‌ఫోక్ ద్వీపానికి మార్చారు. 1791లో రాత్రి తొమ్మిది దాటాక గుడిసె బయట ఉన్నందుకు 50 కొరడా దెబ్బలు శిక్షగా పడ్డాయి. ఆ తరువాత పత్రాలలో అతని జాడ చెరిగిపోతుంది.

పత్రాలు హడ్సన్‌పై దయ చూపలేదు. అయినా అతని వయస్సు, వృత్తి, అతను న్యాయమూర్తికి ఇచ్చిన జవాబులు, ఎక్కిన ఓడ పేరు, తిన్న దెబ్బల సంఖ్య తెలుస్తున్నాయి. ఓల్డ్ బెయిలీ విచారణలను ఆ రోజుల్లోనే అచ్చువేసి అమ్మేవారు. నిందితుడి మాట అతని భాషలోనే నమోదయ్యేది. పందొమ్మిదో శతాబ్దంలో ఈ రాతపద్ధతి మరింత పెరిగింది. నేటి టాస్మానియాలో, పోర్ట్ ఆర్థర్ దగ్గర పాయింట్ ప్యూర్ అనే చోట 1834 నుంచి 1849 వరకు బాలఖైదీల కోసం ప్రత్యేక జైలు నడిచింది. అక్కడి ఖైదీల పొడవు, కళ్ల రంగు, ఒంటిమీది పచ్చబొట్లు, నేర్చిన పని, చేసిన తప్పు, పడిన శిక్ష ఒక్కొక్కరికీ విడివిడిగా రాసిపెట్టారు. ఆస్ట్రేలియా ఖైదీల దస్త్రాలు 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేరాయి. ఒకప్పుడు కుటుంబాలు దాచుకున్న ఖైదీ పూర్వికుణ్ణి నేటి వారసులు ఆ దస్త్రాలలో వెదికి గర్వంగా చెప్పుకుంటున్నారు. నరసింహారెడ్డిని ఉరితీసిన 1847లోనే బ్రిటన్ పార్లమెంటు బాలనేరస్థుల చట్టం చేసి, చిన్న దొంగతనాలకు పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పెద్ద విచారణ లేకుండా తేల్చే వీలు కల్పించింది.

రెండవ బాలుడు మద్రాసు ప్రెసిడెన్సీవాడు. శివగంగ పాలకులైన మరుదు సోదరులు 1801 పాలెగాళ్ల యుద్ధంలో ఓడిపోయారు. వారిని ఆ ఏడాది అక్టోబరులో ఉరితీశారు. చిన్న మరుదు కుమారుడు దురైసామికి అప్పుడు సుమారు పదిహేనేళ్లు. 1802లో డెబ్బైమందికి పైగా తిరుగుబాటుదారులతోపాటు అతణ్ణి తూత్తుక్కుడి రేవునుంచి పెనాంగ్‌కు పంపారు. ఆ యుద్ధంలో పాల్గొన్న జేమ్స్ వెల్ష్ అనే సైనికాధికారి 1818లో పెనాంగ్‌లో అతణ్ణి చూశాడు. ముప్పై దాటిన యువకుడు కృశించి, ముసలివాడిలా కనబడేసరికి, అతడు తన పేరు చెప్పేవరకు వెల్ష్ గుర్తుపట్టలేకపోయాడు. 1830లో అచ్చయిన తన సైనిక జ్ఞాపకాలలో వెల్ష్ ఈ సంగతి రాసుకున్నాడు.

హడ్సన్‌ను ప్రభుత్వ దస్త్రం నిలిపింది. దురైసామిని శత్రువు జ్ఞాపకం నిలిపింది. రేనాటి ద్వీపాంతరగతులకు ఈ రెండూ దక్కలేదు. కడప కలెక్టరు పైఅధికారులకు రాసిన ఇంగ్లీషు లేఖలలో తిరుగుబాటు ఒక పాలనాసమస్యగా కనబడుతుంది. తెలుగులో మాట్లాడిన మనుషులు ఆ లేఖలలో సంఖ్యగా, వర్గంగా మారిపోయారు. పాలెగాడి మనవడు పేరుతో నిలిచాడు. కట్టుబడివాడు ‘మిగిలినవారు’ అన్న మాటలో కలిశాడు.

జలసంధి స్థావరాలలో ఖైదీ జీవితం

మద్రాసు ఖైదీ చేరుకున్న సింగపూరులో జీవితం ఎలా ఉండేదో ఆ జైలు వ్యవస్థను నిర్వహించిన మేజర్ మెక్‌నేర్ 1899లో ప్రచురించిన గ్రంథం వివరిస్తుంది. ఖైదీలను ఆరు తరగతులుగా విభజించేవారు. కొత్తగా వచ్చినవాడు సంకెళ్లతో కఠినమైన పని చేయాలి. నడవడి బాగుంటే పై తరగతికి చేరి ఖైదీలపై కాపలాదారుగా పనిచేయవచ్చు. ఏళ్లు గడిచాక మొదటి తరగతివారికి జైలు బయట సొంతంగా బతికే అనుమతిపత్రం దొరికేది. ఆరవ తరగతి వృద్ధులది, అశక్తులది. ఖైదీలకు ఖైదీలే కాపలా అన్నది ఆ వ్యవస్థ ప్రత్యేకత. మెక్‌నేర్ తన గ్రంథానికి పెట్టిన పేరు కూడా ఆ అర్థాన్నే ఇస్తుంది.

ఆ నగరపు రోడ్లు, కాలువలు, వంతెనలు ఈ ఖైదీల శ్రమతో తయారయ్యాయి. 1862లో ప్రతిష్ఠ జరిగిన సెయింట్ ఆండ్రూస్ చర్చి, 1869లో పూర్తయిన గవర్నరు భవనం వారి చేతిపనులే. ఆ చర్చి గోడలకు వాడిన గార ‘మద్రాసు సున్నం’గా ప్రసిద్ధం. గవ్వ సున్నంలో గుడ్డు తెల్లసొన, బెల్లం కలిపి, కొబ్బరి పీచు నానబెట్టిన నీటితో మెదిపి, గోడకు పూసి, ఆరాక రాతితో నునుపుగా రుద్దేవారని మెక్‌నేర్ వర్ణించాడు. మన ప్రాంతపు మిద్దెలకు గచ్చు వేసిన పనివాళ్లకు తెలిసిన విద్యకు ఇది చుట్టమే. సంకెళ్లతో వెళ్లిన దక్షిణాది మనుషుల పనితనం ఒక పరాయి నగరపు నిర్మాణశైలిలో మిగిలింది. అది ఏ ఊరివాడి చేయి అన్నది గోడ చెప్పదు.

వీరగాథ ఎందుకు మౌనం వహించింది?

తెలుగు సాహిత్య విద్యార్థికి అసలు ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. రేనాటి జానపదులు కంపెనీ దస్త్రాలపై ఆధారపడలేదు. వారికి తమ సొంత స్మృతిమార్గం ఉంది. నరసింహారెడ్డి పాటను ఎవరి అనుమతీ లేకుండానే తరాలపాటు నిలుపుకున్నారు. అటువంటివారు తమ ఇళ్లనుంచే వెళ్లినవారిని పాటలోకి ఎందుకు తేలేదు?

దీనికి మొదటి కారణం కథాస్వరూపంలో ఉంది. వీరగాథకు ముగింపు కావాలి. పల్నాటి వీరులకు కార్యమపూడి ఉంది, బొబ్బిలి వీరులకు కోట ఉంది, నరసింహారెడ్డికి కోయిలకుంట్ల ఉంది. వీరుడు నేలకొరిగిన చోటు గాథకు కేంద్రం. అక్కడే స్మారకం, తిరునాళ్ల, గాయకుడి ఆఖరి ఆలాపన చేరుతాయి. సముద్రంమీద వెళ్లినవాడికి అటువంటి చోటు లేదు. అతని మరణం ఎక్కడ, ఎప్పుడు అన్నది ఊరికి తెలియకపోతే గాయకుడు పాటను ఎక్కడ ఆపాలి?

రెండవ కారణం మన కావ్యసంప్రదాయం ప్రవాసాన్ని ఊహించిన తీరు. రాముడు పద్నాలుగేళ్లు వనవాసం చేశాడు, తిరిగి వచ్చాడు. పాండవులు పన్నెండేళ్లు వనవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం చేశారు, తిరిగి వచ్చారు. గడువు ఉన్న ప్రవాసం, గడువు ముగిశాక పునరాగమనం అన్నవి మన శ్రోతకు అలవాటైన చట్రం. రేనాటి ఖైదీల శిక్షలలోనూ పద్నాలుగేళ్ల గడువు కనబడుతుంది. అయితే ఆ గడువు చివర పట్టాభిషేకం లేదు. యావజ్జీవ శిక్షకైతే గడువే లేదు. పునరాగమనం లేని ప్రవాసాన్ని పాడటానికి గాయకుడికి తగిన నమూనా చేతికి అందలేదు. ఆ రోజుల్లో ఇదే ప్రాంతం మీదుగా నడిచిన ఒక యాత్రికుడి రచన ఈ సంగతిని మరోవైపునుంచి బలపరుస్తుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీయాత్రకు బయలుదేరి అహోబిలం, మహానంది, శ్రీశైలం మీదుగా ఉత్తరాదికి సాగాడు. 1831లో క్షేమంగా తిరిగి వచ్చాడు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ తెలుగు యాత్రావచనానికి ఆదిగా నిలిచింది. పదహారేళ్ల తరువాత ఇదే నేలనుంచి సంకెళ్లతో మరో దిక్కుకు నడిచినవారి ప్రయాణం దానికంటే దూరమైనది. తిరిగి వచ్చినవాడి ప్రయాణమే గ్రంథమైంది.

మూడవ కారణం కుటుంబ జీవనంలో ఉంది. ఉరితీసినవాడి ఇంట కర్మకాండ జరుగుతుంది. దుఃఖానికి ఒక క్రమం, ఒక చివర ఉంటాయి. ద్వీపాంతరం వెళ్లినవాడి ఇల్లాలు పసుపుకుంకుమలు ఉంచుకోవాలా, తీసివేయాలా? కొడుకు తద్దినం పెట్టాలా, ఎదురుచూడాలా? పన్నెండేళ్లు వార్త లేనివాడికి దర్భలతో ప్రతిమ చేసి అంత్యక్రియ జరపవచ్చునని ధర్మశాస్త్ర సంప్రదాయం చెబుతుంది. 1872 నాటి సాక్ష్య చట్టం ఏడేళ్ల గడువు పెట్టింది. అయితే ద్వీపాంతరగతుడు వార్త లేనివాడు కూడా కాదు. అతడు ప్రభుత్వం చేతిలో బతికే ఉన్నాడు. శాస్త్రానికీ చట్టానికీ నడుమ మిగిలిన ఆ కుటుంబాలకు శోకించే అధికారం సైతం స్పష్టంగా లేదు. దీనికి తోడు సముద్రం దాటినవాడన్న నింద ఉంది. మాన్యం పోయిన ఇంట్లో, చేతికంది వచ్చిన కొడుకు దూరమైన చోట, ఆ పేరును పదిమందిలో పలకడం గౌరవానికి బదులు భయాన్ని తెచ్చి ఉండాలి. పాట పుట్టడానికి బహిరంగంగా ఏడ్చే చోటు కావాలి. అది వారికి దొరకలేదు.

ముగింపు

నరసింహారెడ్డి స్మృతి నేడు స్థిరపడింది. 2019లో ఆయన గాథ చలనచిత్రంగా వచ్చింది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. 2022లో కొత్తగా ఏర్పడిన నంద్యాల జిల్లా తన చరిత్ర చెప్పుకొనేటప్పుడు ఆయన పేరుతోనే మొదలుపెడుతుంది. ఇది సముచితమే. అయితే ఆ తిరుగుబాటు ఒక్క కుటుంబపు భరణంకోసం జరగలేదని, కట్టుబడివారి జీవికకోసం జరిగిందని అంగీకరించినప్పుడు, ఆ పోరాటపు మూల్యాన్ని కూడా వారి పక్షాన లెక్కించవలసి ఉంటుంది. ఉరికంబంమీద ఒక్క రోజులో చెల్లిన మూల్యం ఒకటి. పరాయి తీరంలో రాళ్లు కొడుతూ ఏళ్లతరబడి చెల్లించినది మరొకటి.

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, 1847 నాటి ద్వీపాంతర శిక్షను అండమాన్‌తో ముడిపెట్టడం కాలక్రమానికి సరిపడదు. పాఠ్యపుస్తకాలలో, సంచికలలో ఆ వాక్యాన్ని సవరించవలసి ఉంది. రెండు, 901 మంది లెక్కలోని 104 మంది ఖాళీని మూలపత్రాలతో సరిచూడవలసి ఉంది. మూడు, ద్వీపాంతరగతుల గురించిన వీరగాథల మౌనం మరపు వల్ల కలిగినది కాదు, ఆ ప్రక్రియకున్న పరిమితి వల్ల కలిగినది. కాబట్టి వీరగాథ వెలుపలి మౌఖిక రూపాలను, అంటే స్త్రీల పాటలను, ఇంటిపేర్ల వెనుక కథలను, పెద్దలకు పెట్టే రోజున తలచే పేర్లను సేకరించాలి.

ఆ సేకరణకు తోడుగా చదవవలసిన దస్త్రాలూ ఉన్నాయి. 1858లో మొదలైన ఇనాం కమిషన్ మాన్యాల హక్కుదారులను గ్రామాలవారీగా విచారించింది. కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ ప్రాంతపు గ్రామాల కట్టుబడి మాన్యాల వివరాలలో ఏ ఇంట మగదిక్కు లేకుండా పోయిందో గమనించి, ఆ ఇంటిపేర్లను పెనాంగ్, సింగపూరు, మౌల్మీన్‌లకు వెళ్లిన మద్రాసు ఖైదీల పట్టికలతో పోల్చవచ్చు. హడ్సన్ అనే తొమ్మిదేళ్ల లండన్ బాలుడి జవాబులు రెండు శతాబ్దాల తరువాత చదవగలుగుతున్నప్పుడు, ఉయ్యాలవాడ చుట్టుపక్కల గ్రామాలనుంచి వెళ్లిన మనుషుల పేర్లనైనా ఆ గ్రామాలకు తిరిగి చేర్చడం తెలుగు పరిశోధన చేయదగిన పని.